పేద వోటరు వామపక్ష నాయకుని నేల యెన్నుకొనును? – బొలీవియా దేశపు పాఠము

వర్ధమాన దేశములలో పేద వోటర్లు వామపక్ష జనాకర్షక నాయకుల నెన్నుకొనినప్పుడెల్ల, చదువులేనివారు ఉచితముల కాశపడి మోసపోయిరని పట్టణములలోని పెద్దలు తీర్పు చెప్పుచుందురు. ఈ తీర్పు మాకు సమ్మతము కాదు. ఆ వోటరు ఇంటను పొలమునను అంతకుముందు ఏమి జరిగినదో విచారింపక యిట్లనరాదు. ఇందులకు దక్షిణ అమెరికాలోని బొలీవియా కథ మన సభ్యులు తెలిసికొనదగినది. ఏలయన అందొక ముఖ్యమైన తగవు నీటిపారుదల రైతులది, స్వయముగా బావులు త్రవ్వుకొనిన సహకార సంఘములది.

బొలీవియా సముద్రతీరము లేని కొండల దేశము. వెండి, తగరము, సహజవాయువు ఒకదాని వెంట నొకటి ఆ దేశమునుండి వెడలిపోయినవి; త్రవ్వినవారు మాత్రము బీదలుగనే యుండిరి. 1952 విప్లవమున విక్టర్ పాజ్ ఎస్తెన్సొరో ప్రభుత్వము పెద్ద గనులను వశపఱచుకొని, చదువురాని వారికిని వోటుహక్కు నొసగెను. మఱుసటి యేడు భూసంస్కరణ చేసెను. 1985 నాటికి నోట్లు విచ్చలవిడిగా అచ్చువేయుటచే ధరలు ఏడాదిలో వేల శాతములు పెరిగినవి. అప్పుడు మరల అధికారమునకు వచ్చిన ఆ పాజే ఖర్చులు తెగగోసి ధరలను నిలిపెను. ఆ ఖ్యాతి అతనికి చెల్లవలసినదే. కాని ఆ యేడే తగరము ధర కూలెను. ప్రభుత్వ గనులనుండి ఇరువదివేలకు పైగా కూలీలు వెళ్లగొట్టబడిరి.

వారిలో కొందఱు ఎల్ ఆల్టో పట్టణమునకును, కొందఱు చపారె అడవి సీమకును పోయిరి. చపారెలో కోకా ఆకు పండును. మనవారు తమలపాకు నమలునట్లు అచటి కొండజనులు ఆకలి, అలసట తెలియకుండుటకు దానిని నమలుదురు. దానినుండియే కొకెయిన్ అను మత్తుపదార్థము తీయుదురు గనుక అమెరికా సహాయముతో ప్రభుత్వము ఆ తోటలను పెఱికించుచుండెను. గనుల కూలీలు తమతో కార్మిక సంఘపు కట్టుబాటును తెచ్చిరి. ఈ కోకా రైతుల సంఘములనుండియే ఏవో మొరాలెస్ అను నాయకుడు పైకి వచ్చెను. అతడు ఐమారా తెగవాడు. కరవుచే ఎత్తుభూములు విడిచి వలస వచ్చిన రైతు కుటుంబమువాడు.

ఇక నీటి సంగతి. 1999 సెప్టెంబరులో కొచబంబ పట్టణపు నీటి సరఫరా 40 సంవత్సరములకు ఆగ్వాస్ దెల్ తునారి అను కంపెనీకి ఈయబడెను. దానిలో అమెరికాలోని బెక్టెల్ కంపెనీకి భాగము గలదు. పెట్టుబడిపై నూటికి 15కు తగ్గని లాభము కంట్రాక్టులోనే హామీ ఈయబడెను. కొండలలో కట్టదలచిన మిసికూని ఆనకట్ట ఖర్చును బిల్లులలో చేర్చిరి. అదే కాలమున 2029 సంఖ్య గల చట్టము వచ్చెను. మన చెరువుల క్రింద నీరటికాడు వంతు ప్రకారము నీరు వదలునట్లు, ఆ లోయ రైతులును తాతలనాటి వాడుక ననుసరించి కాలువలు పంచుకొనుచుండిరి. పట్టణపు అంచులలోని పేదలు చందాలు వేసికొని గొట్టపుబావులు త్రవ్వుకొనిరి. వీనికి వేటికిని క్రొత్త చట్టమున రక్షణ లేకపోయెను. తాము త్రవ్విన బావికి తామే సుంకము కట్టవలసి వచ్చునని జనులు భయపడిరి.

మొదట రోడ్లు కట్టివేసినవారు నీటిపారుదల రైతులే. 2000 జనవరిలో బిల్లులు రాగా, కొందఱికవి రెట్టింపయ్యెను. అంతట పట్టణమువారును కూడివచ్చిరి. ఏప్రిలులో అత్యవసర స్థితి ప్రకటింపబడెను. తుపాకి గుండు తగిలి పదునేడేండ్ల బాలుడు మరణించెను. కంట్రాక్టు రద్దయ్యెను, చట్టము మార్చబడెను. కంపెనీ అంతర్జాతీయ మధ్యవర్తిత్వ సంస్థయందు వేసిన నష్టపరిహారపు దావా 2006లో రెండు బొలివియానోల నామమాత్రపు చెల్లింపుతో ముగిసెను. ఇంతమాత్రమున నీటి కఱవు తీరలేదనుటయు నిజమే: పట్టణపు దక్షిణభాగమున అనేక గృహములకు ఆ పిమ్మటను చాల ఏండ్లు కుళాయి రాలేదు, సంఘముల బావులే వారి నాదుకొనెను.

తమ్మడుగకయే తమ నీటిని ఒరులకిచ్చిన పాత పార్టీలకు ఆ రైతులు మరల నేల వోటు వేయుదురు? 2002 ఎన్నికలలో మొరాలెసుకు వోటు వేసిన సహాయము నిలిచిపోవునని అమెరికా రాయబారి మాన్యుయెల్ రోచా బెదిరింపగా, అతని వోట్లు తగ్గుటకు మాఱుగా పెరిగెను. (ఈ రాయబారియే క్యూబాకు గూఢచారిగా పనిచేసెనని తేలి 2024లో శిక్ష పొందుట వింత.) 2003లో సహజవాయువును చిలీ మీదుగా ఎగుమతి చేయబూనగా ఎల్ ఆల్టో తిరుగబడెను, అఱువదిమందికి పైగా చనిపోయిరి, అధ్యక్షుడు దేశము విడిచెను. 2005 డిసెంబరులో మొరాలెసు నూటికి దాదాపు 54 వోట్లతో గెలిచెను. 1982లో ప్రజాపాలన తిరిగి వచ్చినది మొదలు సగమునకు మించి వోట్లు పొందినవాడు అతడే ప్రథముడు.

అతడు 2006 మే 1వ తేదీన సహజవాయువుపై ప్రభుత్వ భాగమును పెంచెను; కంపెనీలను వెళ్లగొట్టలేదు, షరతులు మార్చెను. ఆ ఆదాయముతో బడిపిల్లలకు ఏటేట 200 బొలివియానోలును, 2008 నుండి 60 ఏండ్లు దాటినవారికి భృతియు లభించెను. 2005లో నూటికి 60 వఱకున్న పేదలు 2019 నాటికి 37 అయిరి. దీనిని ఉచితముల ఆశ యనువారు, తన భూమిలోని సరకునుండి భాగమడుగుట ఆశయెట్లగునో చెప్పవలెను.

అయితే సంఘపు లెక్కలు వ్రాయువారికి ఇందొక లోపము వెంటనే కనబడును. ఆదాయమంతయు ఒక్క సరకు ధరపై ఆధారపడెను; క్రొత్త వాయునిక్షేపములు తగినన్ని దొరకలేదు. 2014లో సుమారు 1,500 కోట్ల డాలర్లుగా నున్న విదేశ మారక నిల్వ 2023 చివరకు 200 కోట్లకు లోపలికి దిగెను. మంచి యేండ్ల మిగులు చెడ్డ యేండ్లకు చాలలేదు. అధికారమును విడువలేకపోవుట వేఱొక దోషము. మరల పోటీచేయుటకు అనుమతి నడుగగా 2016లో ప్రజలు స్వల్ప ఆధిక్యముతో వలదనిరి. అయినను న్యాయస్థానపు తీర్పు నాధారముగా గొని అతడు 2019లో నిలువబడెను. లెక్కింపుపై అల్లరులు రేగగా నవంబరులో రాజీనామా యిచ్చెను.

2020లో ఆ పార్టీకే చెందిన లూయిస్ ఆర్సె నూటికి 55 వోట్లతో నెగ్గెను. పిదప డాలర్లు కరవై, డీజిలు కొఱకు లారీలు వరుసలు కట్టెను, పార్టీయు చీలెను. 2025 ఆగస్టు ఎన్నికలలో ఆ పార్టీ అభ్యర్థికి నూటికి మూడింటికి కొంచెము మించి మాత్రమే వోట్లు దక్కెను. అక్టోబరు రెండవ విడతలో రొడ్రిగో పాజ్ గెలిచెను. ఈయన 1952లో గనులను వశపఱచుకొని 1985లో కూలీలను తొలగించిన ఆ పాజ్ కుటుంబమువాడే. ఈయనను గెలిపించినవారిలో మునుపు మొరాలెసును గెలిపించిన కొండసీమల వోటర్లు పెక్కురు గలరు.