పిండిపదార్థములు – చక్కెరలు – మన శరీరం

ఒక ముద్ద ఉత్త అన్నం నోట్లో వేసుకుని, మింగకుండా రెండు నిమిషాలు నమిలి చూడండి. కూర, పులుసు ఏమీ వద్దు. కాసేపటికి తియ్యగా అనిపిస్తుంది. పంచదార ఎవరూ వేయలేదు, మరి ఆ తీపి ఎక్కడిది?

కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ అను మూడు మూలకములతో ఏర్పడినవే పిండిపదార్థములు. వీటినే కార్బోహైడ్రేట్లు అంటాము. ఇవి ముఖ్యంగా మూడు రకములు.

1. ఏకశర్కరలు: గ్లూకోజ్, గాలక్టోజ్, పండ్లలోను తేనెలోను ఉండే ఫ్రక్టోజ్.

2. ద్విశర్కరలు: రెండేసి ఏకశర్కరలు కలిసినవి. పాలలోని లాక్టోజ్, చెరకులోని సుక్రోజ్ ఇటువంటివి. సుక్రోజ్‌లో ఒక గ్లూకోజ్, ఒక ఫ్రక్టోజ్ ఉంటాయి.

3. బహుశర్కరలు: వందలు, వేలు గ్లూకోజ్ అణువులు గొలుసుగా కలిసినవి. బియ్యం, చోళ్ళు, చిలగడదుంపల్లోని స్టార్చి ఇదే. పీచులోని సెల్యులోజ్ కూడా ఈ జాతిదే. అది మనకు అరగదు గాని మలబద్ధకం రాకుండా కాపాడుతుంది.

లాలాజలంలోని ఎమైలేజ్ అనే ఎంజైము స్టార్చి గొలుసును తెంచి మాల్టోజ్ చేస్తుంది. అన్నం ముద్దలోని తీపి అదే! మిగతా పని చిన్నప్రేవులలో పూర్తయి, గ్లూకోజ్ రక్తంలో చేరుతుంది. క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ దానిని కణాలలోకి పంపుతుంది. మిగిలినది కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్‌గా నిలువ ఉంటుంది. అదీ మించితే కొవ్వే. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కిలో కాలరీల శక్తినిస్తుంది. ఆ శక్తి కణంలో ఏ.టి.పి. రూపంలో ఖర్చవుతుంది. కండరాల నుండి ఏ.టి.పి.ని వేరుచేసినట్లు 1929లో ఫిస్కేతో కలిసి ప్రకటించినది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే.

ఇక అసలు సంగతి. మాది చెరకు పండించే ఇల్లు. రెండేళ్ళ క్రితం నాన్నకి షుగరు ఉందన్నారు. అమ్మ ఆ రోజే పంచదార డబ్బా అటకెక్కించి, టీలో బెల్లం వేయడం మొదలెట్టింది. "మన చెరకు బెల్లమేరా, ఏటవుద్ది?" అన్నాడు నాన్న. నేనూ సరేనన్నాను. మూడు నెలల తర్వాత పరీక్ష చేయిస్తే షుగరు తగ్గకపోగా పెరిగింది.

తప్పెక్కడ? చెరకు రసం కాచితే బెల్లం, శుద్ధిచేస్తే పంచదార. బెల్లంలో కొద్దిగా ఇనుము వగైరా ఖనిజాలున్నా, అత్యధిక భాగం సుక్రోజే. రక్తానికి రంగు తేడా తెలియదు! చోడి అంబలి సంగతీ అంతే. చోళ్ళలో పాలిష్ బియ్యంకన్న పీచు, కాల్షియం ఎక్కువ. మంచిదే. కాని అదీ పిండిపదార్థమే గనుక కొలత తప్పకూడదు.

అలాగని అన్నం పూర్తిగా మానమని కాదు. పళ్ళెంలో అన్నం తగ్గించి, పప్పు, ఆకుకూర పెంచాలి. కలిపిన చక్కెరలు, తేనె, పండ్లరసాల తీపి అన్నీ కలిపి మొత్తం శక్తిలో 10 శాతం మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. 2000 కిలో కాలరీలు తినేవారికి ఇది రోజుకు 50 గ్రాములు. ఇది ఆరోగ్యవంతుల లెక్క. షుగరున్నవారు డాక్టరు చెప్పిన కొలతే పాటించాలి, మందు మానరాదు.

లేబొరేటరీలో బెనిడిక్ట్ పరీక్ష చేసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ పాఠం ఇంట్లో వంటగది దాకా తీసుకువెళ్ళాలని నాకు ఆలస్యంగా తెలిసింది. నాన్న ఇప్పుడు తీపి లేని టీ తాగుతున్నాడు. మీ ఇంట్లోనూ ఒకసారి అడిగి చూడండి.