ఒక్క లారీ ఓనరు లెక్క: గిట్టే లోడు ఎట్లా దొరుకుతుంది?

సి.బెళగల్ దగ్గర ఉల్లిగడ్డలు తవ్వే రోజుల్లో మా చిన్నాయనకు ఫోన్లు ఆగవు. "అన్నా, తాడేపల్లిగూడేనికి లోడు ఉంది, పోతావా?" అని అడుగుతారు. కొత్తగా లారీ కొన్నవాళ్ళయితే వెంటనే "టన్నుకు ఎంత?" అంటారు. చిన్నాయన మాత్రం ముందు ఇంకో నెంబరుకు ఫోన్ చేసి, "ఎల్లుండి ఆ పక్క నుంచి మన సైడుకు ఏమన్నా సరుకు ఉందా?" అని కనుక్కుంటాడు. కిరాయి మాట ఆ తర్వాతే. ఆయనకు ఉండేది ఒకటే పది టైర్ల బండి. నడిపేదీ ఆయనే. వాయిదా కట్టేదీ ఆయనే.

ఆయన అట్లా ఎందుకు చేస్తాడో నాకు కాగితం మీద లెక్క వేసుకున్నాకే అర్థమయింది. అంకెలు సులువు కోసం నేను అనుకున్నవి, మీ ఊరి అంకెలు పెట్టి మళ్ళీ వేసుకోవచ్చు.

దూరం 500 కి.మీ. సరుకు 18 టన్నులు. కిరాయి టన్నుకు 1,800. మొత్తం 32,400 రూపాయలు. వినడానికి బాగానే ఉంది. లోడుతో లీటరుకు 4 కి.మీ., ఖాళీగా అయితే 5 కి.మీ. ఇస్తుందనుకుందాం. డీజిల్ లీటరు 100 రూపాయలు. పోయేటప్పుడు 12,500, ఖాళీగా వస్తే 10,000. టోల్ రానూపోనూ 6,000. బత్తా, దారి ఖర్చులు 4,000. అన్నీ కలిపితే 32,500. అంటే వెయ్యి కిలోమీటర్లు తిరిగొచ్చి చేతి నుంచి వంద రూపాయలు పెట్టుకున్నట్టు. టైర్ల అరుగుదల ఇందులో వెయ్యలేదు, వేస్తే దిగులు పట్టుకుంటుంది.

ఇప్పుడు వచ్చేటప్పుడు టన్నుకు 900 చొప్పున సగం కిరాయికే ఒక లోడు దొరికిందనుకోండి. ఇంకో 16,200 వస్తుంది. డీజిల్ 2,500 పెరుగుతుంది, బ్రోకర్ కమీషను, హమాలీ కలిపి ఇంకో 2,000. మిగులు 11,600. సగం కిరాయి అని చిన్నచూపు చూసే రిటర్న్ లోడే ఇక్కడ ఇల్లు నిలబెడుతుంది.

కానీ ఎన్ని రోజులు? ఇది నేను అసలు ఊహించని సంగతి. వాయిదా, ఇన్సూరెన్సు, పర్మిట్, ఫిట్‌నెస్ అన్నీ కలిపి నెలకు 60,000 అనుకుంటే, బండి కదిలినా కదలకపోయినా రోజుకు 2,000 ఖర్చు. పై ట్రిప్పు నాలుగు రోజుల్లో అయిపోతే రోజుకు 2,900 పడుతుంది, గిట్టింది. రిటర్న్ లోడు కోసం రెండు రోజులు కాచుకుని ఆరు రోజులు చేస్తే రోజుకు 1,933. కిరాయి అదే, సరుకు అదే, అయినా నష్టం. లోడు మంచిదా కాదా అనేది టన్ను రేటును బట్టి చెప్పలేం. ఇంటికొచ్చేసరికి మిగిలినదాన్ని రోజులతో భాగిస్తేనే తెలుస్తుంది. మన థర్మోడైనమిక్స్‌లో సైకిల్ మొత్తం చూడకుండా ఒక్క స్ట్రోకుకు ఎఫిషియెన్సీ కట్టినట్టే ఉంటుంది రేటు ఒక్కటే చూడటం!

మన ప్రాంతంలో సరుకుకు కాలం ఉంది. వర్షాకాలం చివర ఉల్లి, ఆ తర్వాత వేరుశనగ, దసరా నుంచి పత్తి, ఎండలు ముదిరేలోపు గుంటూరు యార్డుకు మిరప. ఆదోని పత్తి మార్కెట్ సంగతి అందరికీ తెలిసిందే. జిన్నింగు మిల్లుల నుంచి బేళ్ళు కోయంబత్తూరు వైపు నూలు మిల్లులకు పోతాయి. ఒక్కో బేలు సుమారు 170 కిలోలు, కాబట్టి 105 బేళ్ళు పెడితే 18 టన్నులకు దగ్గరగా వస్తుంది. అదే విడి పత్తి అయితే బాడీ నిండిపోతుంది గానీ కాటా మీద తూకం రాదు. అట్లాంటి సరుకుకు టన్ను రేటు ఒప్పుకుంటే మునిగినట్టే, బండికి ఇంత అని మాట్లాడుకోవాలి. పత్తి సీజను అయిపోయాక బేతంచెర్ల నాపరాళ్ళు, నంద్యాల, తాడిపత్రి వైపు సిమెంటు. ఇవి ఏడాది పొడవునా ఉంటాయి, కాని కొన్ని చోట్ల లోకల్ లారీలకు వరుస ఉంటుంది, బయటి బండికి అంత సులువుగా ఎత్తరు.

ఉల్లిలో ఒక తిరకాసు ఉంది. చాలాసార్లు కిరాయి దిగిన చోట, అమ్మిన డబ్బులో నుంచి ఇస్తారు. ధర బాగుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. 2025లో ధర పడిపోయి ప్రభుత్వమే క్వింటాలు 1,200 రూపాయలకు కొనాల్సి వచ్చింది కదా, అట్లాంటప్పుడు రైతుకు మిగలదు, లారీ బ్యాలెన్సూ రాదు. ఒకసారి చిన్నాయనకు తరుగు పేరు చెప్పి బ్యాలెన్సు కోశారు. ఆయన గొడవపడలేదు. "ఆ రైతు మొహం చూస్తే నాకే ఏడుపొచ్చిందిరా, ఎవర్ని అడగాల?" అన్నాడు. అప్పటి నుంచి ఉల్లికయితే కనీసం డీజిల్, టోల్ వరకు అడ్వాన్సు చేతిలో పడందే తాడు బిగించడు. దించినాక సరుకు అందినట్టు సంతకం ఉన్న బిల్టీని అక్కడే ఫోటో తీసి పంపుతాడు.

"మధ్యలో బ్రోకరు ఎందుకు, మిల్లునే నేరుగా అడగొచ్చు కదా" అని నేనూ అడిగాను. మిల్లుకు ఒకే రోజు పది బండ్లు కావాలి, డబ్బు నెల తర్వాత ఇస్తుంది, సరుకు పాడైతే జవాబు చెప్పే మనిషి కావాలి. ఒక్క లారీ ఓనరు ఈ మూడూ మొయ్యలేడు. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు తన డబ్బు ముందు పెట్టి అడ్వాన్సు ఇస్తుంది. కమీషనులో కొంత ఆ అప్పుకు వడ్డీ అనుకోవచ్చు. నా మటుకు నాకు కమీషను అంతా దోపిడీ అనిపించదు. ఆఫీసు, దాని కింద బ్రోకరు, ఆయన కింద ఇంకో బ్రోకరు, అట్లా ముగ్గురు కోస్తేనే తప్పు. నేరుగా దొరికేవి చిన్న పార్టీలే: ఎరువుల డీలరు, విత్తనాల గోడౌను, కలిసి పంపుకునే నలుగురు రైతులు. వీళ్ళు ఏడాదికి కొన్ని లోడులే ఇచ్చినా, రేటు మనతోనే మాట్లాడతారు.

ఫోను యాప్‌ల గురించి: బెంగళూరులో 2015లో మొదలైన బ్లాక్‌బక్ 2024 నవంబరులో షేరు మార్కెట్లోకి కూడా వచ్చింది, వాహక్ లాంటివీ ఉన్నాయి. వాటిలో లోడు పెట్టేవాళ్ళలో బ్రోకర్లూ ఉంటారు, కాబట్టి మధ్యవర్తి లేడనుకోవద్దు. అవి ఎక్కువ పనికొచ్చేది తెలియని ఊళ్ళో రేటు కనుక్కోవడానికి. బయల్దేరే ముందే అటువైపు నుంచి ఎంత నడుస్తోందో తెలిస్తే బేరంలో గొంతు లేస్తుంది. టన్నుకు 50 రూపాయలు పెరిగినా 18 టన్నులకు 900, దగ్గర ట్రిప్పులో మిగిలేదంతా అదే కావచ్చు.

"ఇంకో నాలుగు టన్నులు వెయ్యన్నా, ఏం కాదు" అనే మాట ప్రతి కాటా దగ్గరా వినిపిస్తుంది. 2018లో కేంద్రం పది టైర్ల బండి మొత్తం బరువును 25 నుంచి 28.5 టన్నులకు పెంచింది. ఆ పైన దొరికితే 2019 సవరణ ప్రకారం 20,000, అదనపు టన్నుకు ఇంకో 2,000. మన లెక్కలో నాలుగు టన్నులకు వచ్చేది 7,200, పట్టుబడితే పోయేది 28,000. ఎక్కువ సరుకు అక్కడే దించాలి కూడా.

కాగితాలు కూడా డబ్బే. 50,000 రూపాయలు దాటిన సరుకుకు ఇ-వే బిల్లు (కొన్ని వ్యవసాయ సరుకులకు మినహాయింపు), దాని గడువు 200 కి.మీ.కు ఒక రోజు. దారిలో బండి చెడిపోతే గడువు తీరే ముందో తర్వాతో ఎనిమిది గంటల లోపు పొడిగించుకోవాలి. నేషనల్ పర్మిట్‌కు ఏడాదికి 16,500. పది బండ్లకు మించని ఓనరు పాన్ కాగితం, డిక్లరేషను ఇస్తే కిరాయిలో పన్ను కొయ్యక్కర్లేదు. ఇది తెలియక కోయించుకున్నవాళ్ళను నేను చూశాను.

ఈ వ్యాసం రాస్తుండగానే చిన్నాయన ఫోన్ చేశాడు. గూడెంలో ఉల్లి దించేశాడంట. బియ్యం లోడు రేపు సాయంత్రం అంటున్నారంట, కొబ్బరికాయలు ఈ రాత్రికే ఉన్నాయంట గానీ టన్నుకు 100 తక్కువ. "నీ లెక్క ఏమంటాదిరా?" అని అడిగాడు. 18 టన్నులకు 1,800 పోతుంది, ఆగితే రోజుకు 2,000 పోతుంది అన్నాను. "నేను అప్పుడే తాళ్ళు కడతా ఉండాలే" అని పెట్టేశాడు.