బుధవారం ప్రయాణం గురించి

చి. చిట్టికి,

నీ బుధవారం ప్రోగ్రాం చూశాను. తెల్లవారుఝామున బెజవాడలో బస్సు, పదకొండింటికి హైటెక్ సిటీలో హెడ్డాఫీసు మీటింగు, మూడింటికి అమీర్‌పేటలో ఇంకోటి, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో పరామర్శ, ఆపైన నాగోలులో డీలరుగారమ్మాయి రిసెప్షన్. అలసట రాకుండా ఏం చెయ్యాలని అడిగావు. అలసట సంగతి తర్వాత, ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోవడానికి పట్టే టైమే నీ లెక్కలో లేదు.

బెజవాడ నుంచి హైదరాబాదు సుమారు 275 కిలోమీటర్లు. ఎల్బీనగర్ దాకా బస్సు బాగానే వస్తుంది (సంక్రాంతి తిరుగు రద్దీలో పంతంగి టోల్ దగ్గర ఇరుక్కుంటే తప్ప). సిటీలోకి వచ్చాకే నత్తనడక. అందుకని ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కు, అమీర్‌పేటలో రాయదుర్గం రైలుకి మారు. అలా వచ్చినా పదకొండు కష్టం. పన్నెండుకి జరపమని ఇప్పుడే అడుగు. కుదరదంటే మంగళవారం రాత్రే వచ్చి మా ఇంట్లో పడుకో.

మీటింగులో కూర్చోగానే "రెండుంబావుకి లేవాలండీ" అని చెప్పెయ్యి. ముందే చెబితే ఎవరూ ఏమీ అనుకోరు, మధ్యలో వాచీ చూసుకుంటేనే నొచ్చుకుంటారు. ఎవరికి ఏం పంపిస్తానన్నావో తిరుగు మెట్రోలోనే రాసుకో. రెండో మీటింగు మొదలైందంటే మొదటిది సగం మరిచిపోతాం.

పరామర్శ మాత్రం ఆ రోజు పెట్టుకోకు. చావు జరిగిన ఇంటి నుంచి నేరుగా పెళ్ళివారి హాల్లోకి రావడం నీకు పట్టింపు లేకపోవచ్చు, ఆడపిల్లని కన్నవాళ్ళకి ఉంటుంది. నాకూ ఆ నమ్మకాలు తక్కువే. కానీ తొందరలో ఉన్న మనిషి పరామర్శకి పనికిరాదు. అక్కడ మాట్లాడేదేమీ ఉండదు, కాసేపు కూర్చోవడమే. లేచేటప్పుడు వెళ్ళొస్తామని కూడా అనం. ఇంకో రోజు తీరిగ్గా వెళ్ళు.

రిసెప్షన్ కార్డులో ఏడున్నర అని వేస్తారు, తొమ్మిదైతే గానీ జంట స్టేజీ ఎక్కదు. నువ్వు ఏడున్నరకే వెళ్ళు. అమీర్‌పేట నుంచి నాగోలుకి మెట్రో నేరుగా ఉంది. ఆ వేళకి అమ్మాయి తల్లిదండ్రులు కాస్త తీరిగ్గా దొరుకుతారు, నిన్ను పిలిచింది వాళ్ళేగా. వాళ్ళ పక్కన నిలబడి నాలుగు మాటలు మాట్లాడితే, ఫొటో కోసం గంటసేపు వరసలో నిలబడక్కర్లేదు. చదివింపుల కవరులో 1,116 పెట్టి, పేరు రాసి, ముందురోజే బ్యాగులో వేసుకో. హాలు గుమ్మంలో పెన్ను అడుక్కునేవాళ్ళు ప్రతి పెళ్ళిలోనూ ఉంటారు. మిగతా డీలర్లూ అక్కడే తగులుతారు, ఆర్డర్ల ఊసెత్తకు. వాళ్ళే ఎత్తితే మర్నాడు ఫోన్ చేస్తానని చెప్పి, తప్పకుండా చెయ్యి. భోజనం కూర్చుని తిను. మధ్యాహ్నం ఎలాగూ సరిగ్గా తినవు.

నాగోలు నుంచి ఎల్బీనగర్‌కి ఆటోలో వెళ్ళిపోవచ్చు. తొమ్మిదింటి బస్సెక్కితే అర్ధరాత్రి రెండింటికి బస్టాండులో దిగి కూర్చోవాలి. పదకొండు దాటాక బయల్దేరేదానికి తీసుకో, తెల్లారేసరికి చేరతావు. గురువారం పొద్దున ఏ మీటింగూ ఒప్పుకోకు.

మీ మావయ్య