గ్లాసుడు ఉప్పంటే ఏ ఉప్పు?

మాది పద్మనాభం, అనంతుడి కొండ కింద ఊరు. విశాఖలో ఒక మాసపత్రికకు చాలా ఏళ్లు వంటల పేజీలు చూశాను. ఇప్పుడా పని చేపట్టిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "ఏ వంటలు వేస్తే చదువుతారు అమ్మమ్మా?" అని అడుగుతుంటారు. ఏ వంట అన్నది అంత పెద్ద సంగతి కాదంటే నమ్మరు. వండేవాళ్లకు కొత్త వంటల కరువు ఎన్నడూ లేదు. పోసిన సరుకు పాడవకూడదన్నదే వాళ్ల బెంగ. ఇది నాకు తలకెక్కేసరికి ఉద్యోగం చివరికొచ్చింది.

1. కొలత చెప్పలేకపోతే వంట చెప్పకు.

ఒక వేసవి సంచికలో ఆవకాయ వేశాం. మామిడి బద్దలు నాలుగు గ్లాసులకు కారం, ఆవపిండి, ఉప్పు తలో గ్లాసు. మా అమ్మ లెక్క అదే. ఆమె ఉప్పు మాత్రం ఎండబెట్టి కచ్చాపచ్చాగా దంచిన కల్లుప్పు. ఆ ముక్క రాయడం నాకు తట్టలేదు. చదివినవాళ్లలో కొందరు ప్యాకెట్లోని మెత్తనుప్పు పోశారు. గ్లాసు అదే అయినా మెత్తనుప్పు ఒత్తుగా కూర్చుంటుంది, ఎక్కువ తూగుతుంది. ఉత్తరాలు వచ్చాయి. కూర చెడితే ఆ పూటతో పోతుంది, జాడీడు ఆవకాయ ఉప్పుకషాయమైతే ఏడాది పొడవునా మమ్మల్ని తిట్టుకుంటూ తినాలి. ఉప్పు వేయకుండా మరికొన్ని బద్దలు కలుపుకోమని తర్వాతి నెల సవరణ వేసేసరికి తోటల్లో కాయలు పండిపోయాయి.

అమెరికాలో ఫానీ ఫార్మర్ 1896లోనే తన బోస్టన్ వంటల పుస్తకంలో కప్పూ చెంచా పైన గీసి సమం చేసి కొలవాలని పట్టుబట్టింది. మన పొరుగున మీనాక్షి అమ్మాళ్ 1951లో 'సమైత్తు పార్' తెచ్చింది. పక్కన చెప్పే పెద్దదిక్కు లేని పిల్ల కూడా చేసుకోగలిగేలా కొలతలతో సహా రాసింది. మన దేశంలో 1958 నుంచి కిలోలూ గ్రాములూ అమల్లోకి వచ్చినా, వంటింట్లో సోల, తవ్వ, గిద్ద చాలాకాలం కదల్లేదు. అవి పోయాక వచ్చిన గ్లాసుకు ఒక పరిమాణమంటూ లేదు. గ్లాసు రాయి, పక్కనే గ్రాములూ రాయి. రెండూ చోటు తింటాయని పేజీలు అమర్చేవాళ్లు గొణుగుతారు, గొణగనీ.

2. ఎంతసేపో కాదు, ఎప్పుడు దించాలో చెప్పు.

"సన్నని సెగ మీద పది నిమిషాలు" అని ఎన్నిసార్లు అచ్చువేశానో! అప్పట్లో మా మండలంలో సగం ఇళ్లలో కట్టెల పొయ్యిలే. సరుగుడు కట్టె మంట ఒక తీరు, కొబ్బరి మట్టది మరో తీరు. 1999లో దీపం పథకం కింద డ్వాక్రా మహిళలకు గ్యాసు కనెక్షన్లు ఇవ్వడం మొదలయ్యాక కొన్ని ఇళ్లలో పొయ్యి మారింది. అయినా నిమిషాలు కలవలేదు. గిన్నె మందం వేరు, కుక్కరు వేరు. "మూడు కూతలు" అంటాం. అన్ని కంపెనీల కుక్కర్లూ ఒకేలా కూస్తాయా? నిండుగా పోసిన కుక్కరూ అడుగున కాస్త పోసిన కుక్కరూ ఒకే వేళకు కూస్తాయా?

అరిసెలనే చూడు. "బియ్యప్పిండిని బెల్లం పాకంలో కలపాలి" అని రాస్తే రాసినవాళ్లకు సుఖంగా ఉంటుంది, చేసేవాళ్లు మునుగుతారు. బియ్యం ఒకరోజు నానాలి. నీళ్లు వడకట్టి, తడి ఆరకముందే దంచి జల్లించాలి. కొట్లో దొరికే పొడిపిండితో ఆ మెత్తదనం రాదు. పాకం ఉడుకుతుంటే పళ్లెంలో చన్నీళ్లు పెట్టుకుని చుక్క వెయ్యాలి. కరిగిపోతే ఇంకా లేత. వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తని ఉండగా వస్తే ఆ క్షణమే దించాలి. ఆ ఉండ పళ్లేనికి కొడితే టంగుమందా, అది వేరుశనగ ఉండలకు పనికొచ్చే పాకం, అరిసెలు రాళ్లవుతాయి. లేతగా దించితే నూనెలో విచ్చిపోతాయి. మాకు పక్కనే అనకాపల్లి బెల్లం. అందులోనూ కొత్త బెల్లం, పాత బెల్లం ఒకే వేళకు పాకానికి రావు. అందుకే గడియారం ఇక్కడ పనికిరాదు, పళ్లెంలో చుక్కే దిక్కు. ఈ సంగతంతా రాయడానికి ముప్పావు పేజీ అడిగితే మా సంపాదకుడు పావు పేజీ ఇచ్చాడు. నేనూ పోట్లాడలేదు. మిగతా చోటులో అరిసెల ఫొటో వచ్చింది.

3. ఫొటో కోసం వండితే తినడానికి మిగలదు.

వంటకంలో కొత్తిమీరే లేదు, ఫొటోలో మాత్రం పైన రెమ్మలు. పులుసు మెరవాలని పైన నూనె పూసి తీసిన రోజులున్నాయి. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

4. ఎరిగిన వంటే ఎక్కువమందికి కావాలి.

నన్ను బాగా బాధపెట్టేది ఇదే. మా ఊరివాళ్లూ, భీమిలి వైపు వాళ్లూ వంటలు రాసి పంపేవారు. చోడి అంబలి, ఎండు నెత్తళ్లు వేసిన వంకాయ కూర, ఆవ పెట్టిన పనసపొట్టు. "అందరికీ తెలిసినవే" అని పక్కన పెట్టేదాన్ని. వాటి బదులు పుట్టగొడుగులూ చీజూ వేసేవాళ్లం. పద్మనాభం సంతలో అవి ఎక్కడ దొరుకుతాయన్న ఆలోచన నాకే రాకపోతే ఇంకెవరికి వస్తుంది? అందరికీ తెలుసనుకున్నది కోడళ్లకు తెలియదు. ఉక్కునగరంలో కాపురం పెట్టిన పరాయి రాష్ట్రం పిల్లకు అసలే తెలియదు. పనసపొట్టులో ఆవ ఎప్పుడు కలపాలి? పొయ్యి మీద ఉండగా కలిపితే చేదెక్కుతుంది, దించి కాస్త చల్లారాక కలపాలి. ఈ ఒక్క వాక్యం కోసం పత్రిక కొనేవాళ్లుంటారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరమన్నాక అదే చోడి అంబలి నగరంలో గాజు గ్లాసులోకి ఎక్కింది. నేను పక్కన పెట్టిన కాగితాలు అప్పుడు గుర్తొచ్చాయి.

ఇంకొకటి. షిఫ్టుకు వెళ్లే మనిషి క్యారేజీలో ఆరేడు గంటలున్నా పాడవని కూర ఏదని అడిగేవాళ్లే ఆదివారం విందు గురించి అడిగేవాళ్లకంటే ఎక్కువ. ఆదివారం ఎలాగూ కోడి కూరే.

5. నీ పేజీని కత్తిరిస్తారు, గుర్తుపెట్టుకో.

వంట మధ్యలో "తరువాయి 42వ పేజీలో" అని వేస్తే, చేతులకు శనగపిండి అంటుకున్న మనిషి పేజీ ఎలా తిప్పుతుంది? వెనకవైపు ఇంకో వంట వేస్తే, ఇది కత్తిరించుకున్నప్పుడు అది ముక్కలవుతుంది. వెనక ప్రకటన వెయ్యి, ఎవరికీ నష్టం లేదు. ప్రకటనలంటే గుర్తొచ్చింది. అమెరికాలో 1993లో మొదలైన 'కుక్స్ ఇలస్ట్రేటెడ్' అసలు ప్రకటనలే వేసుకోలేదు. ఒకే వంటను పదేపదే వండి చూశాకే అచ్చువేసింది. మనకంత స్తోమత ఉండకపోవచ్చు. కనీసం మసాలా కంపెనీ పేరు దినుసుల జాబితాలోకి దూరకుండా చూడు. ఒక్కసారైనా వండి చూడు. ఆవకాయ వేయాలంటే కిందటి వేసవిలోనే పెట్టి చూసుకోవాలి. నెలన్నర ముందే పేజీలు మూసే పత్రికకు ఈ ఏటి కాయ అందదు.

6. వంట చెప్పినవాళ్లే జవాబూ చెప్పాలి.

మాలతీ చందూర్ ఆంధ్రప్రభ వారపత్రికలో 'ప్రమదావనం' దశాబ్దాల పాటు నడిపారు. ఆమె 'వంటలు-పిండివంటలు' ఎన్ని ముద్రణలు పొందిందో తెలుగు ఇళ్లను అడగాలి. అడిగితే చెప్పే మనిషి ఒకరున్నారన్న ధైర్యమే ఆ అభిమానంలో సగమని నాకనిపిస్తుంది. తెనాలి దగ్గరి గుడివాడ నుంచి మస్తానమ్మ గారు యూట్యూబులో వండితే ప్రపంచం చూసింది. ఆమె కొలతలన్నీ చేతివాటమే, కానీ మాంసం రంగు తిరగడం కళ్లముందు కనిపిస్తుంది. 2018 డిసెంబరులో ఆవిడ పోయారు. కాగితానికి ఆ కళ్లు లేవు కాబట్టి నీ వాక్యమే ఆ పని చెయ్యాలి.

ప్రతి వంట కింద రెండు పంక్తులు వదులు. పులుసు పలచనైతే ఏం చెయ్యాలి, ఉప్పెక్కువైతే ఏం కలపాలి అన్నవి అక్కడ రాయి. పాకం ముదిరితే కాసిని నీళ్లు పోసి మళ్లీ పొయ్యి ఎక్కించవచ్చు. పిండి కలిపాక మాత్రం ఎవరూ ఏమీ చెయ్యలేరు. అదీ రాయి.