ఫీజు కట్టే ముందు కంటి డాక్టర్ దగ్గరికి

విమానం నడపడానికి కళ్లద్దాలు అడ్డు కావు, రైలు నడపడానికి అడ్డే! వింతగా ఉన్నా నిబంధన అదే. కమర్షియల్ పైలట్‌కు ఒక్కో కంటికి 6/9 చూపు కావాలి, అద్దాలతో వచ్చినా చాలు. రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్‌కు మాత్రం రెండు కళ్లకూ 6/6 ఉండాలి, అదీ అద్దాలు లేకుండా.

6/6 అంటే, మామూలు కన్ను ఆరు మీటర్ల నుంచి చదవగలిగింది అంతే దూరం నుంచి చదవగలగడం. 6/12 అయితే, ఇతరులు పన్నెండు మీటర్ల నుంచి చదివేదానికి ఆరు మీటర్ల దగ్గరికి రావాలి.

లోకో పైలట్‌ది ఏ-1 వైద్య కేటగిరీ. ఇందులో చాలామందిని దెబ్బతీసేది ఫాగింగ్ టెస్ట్. కంటి ముందు +2 అద్దం పెడతారు. చార్టు మసకబారాలి. అప్పుడూ 6/6 వరుస గడగడా చదివేస్తే సంతోషించాల్సింది లేదు. కంటిలో ప్లస్ పవర్ దాగి ఉందని తేల్చి అనర్హులంటారు. తర్వాత వర్ణదృష్టి పరీక్షలు. రంగు చుక్కల మధ్య అంకెలు దాగిన ఇషిహారా ప్లేట్లు అక్కడే ఎదురవుతాయి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ సిగ్నళ్లను చీకట్లో, వానలో పోల్చుకోవాల్సిన ఉద్యోగం కనుక ఈ పట్టుదల సబబే.

‘లాసిక్ చేయించుకుంటే సరి’ అన్న సలహా ఇక్కడ ముంచుతుంది. చూపు సరిచేసే ఆ లేజర్ ఆపరేషన్ అయినవారిని ఏ-1, ఏ-2, ఏ-3 పోస్టులకు తీసుకోరు. సీ-2 కిందికొచ్చే క్లర్కు పోస్టులకైతే అద్దాలతో ఒక కంటికి 6/12 ఉన్నా చాలు. తెలుగు రాష్ట్రాల పోలీసు ఉద్యోగాలకు వర్ణాంధత్వం, మెల్లకన్ను రెండూ ప్రతిబంధకాలే.

తెలంగాణ ఆర్టీసీలో వర్ణాంధత్వం కారణంగా ఉద్యోగం పోయిన ఓ డ్రైవర్‌కు వేరే పోస్టు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. అయితే ఆయన అప్పటికే ఉద్యోగి. రైల్వే మెడికల్‌లో తప్పిన అభ్యర్థికి మరో పోస్టు ఇవ్వబోమని నోటిఫికేషన్లే చెబుతాయి. రాత పరీక్షలన్నీ నెగ్గి చివర్లో ఇంటిదారి పట్టడం కంటే నష్టం ఏముంటుంది?

అందుకే నోటిఫికేషన్‌లో పోస్టు పేరు పక్కనున్న వైద్య కేటగిరీ చూడండి. కోచింగ్ ఫీజు కట్టకముందే కంటి డాక్టర్‌కు ఆ కేటగిరీ పేరు చెప్పి, ఫాగింగ్, వర్ణదృష్టి పరీక్షలు కూడా అడిగి చేయించుకోండి.