చేతులకూ చదువు కావాలి



హైదరాబాదులో నాంపల్లి స్టేషనుకు దగ్గరలోని పబ్లిక్ గార్డెన్స్‌లో జవహర్ బాలభవన్ ఉంది. ఢిల్లీలో 1956లో జాతీయ బాలభవన్ ఏర్పడగా, మన హైదరాబాదులో 1966లో ఇది మొదలైంది. వేసవి సెలవుల్లో ఇక్కడ పిల్లలకు శిబిరం నడుపుతూ వస్తున్నారు. ఆటపాటలతో పాటు బొమ్మల తయారీ, కుట్టుపని, ఎలక్ట్రానిక్స్, ఏరోమోడలింగ్ వంటివి నేర్పుతారు.

ఇలాంటి శిబిరంలో ర్యాంకులతో పనిలేదు. చేసిన విమానం ఎగరకపోతే, ఎందుకు ఎగరలేదో చూసి మళ్ళీ చేయడమే అక్కడి చదువు.

కానీ మన సంగతి వేరు. వేసవి రాగానే హాస్టల్ మూస్తారు. మనలో చాలామంది మామిడికాయల కోతకో, మేస్త్రి వెంట పనికో వెళతారు. నగరంలోని శిబిరం మనకు అందదు. అందుకని ఊరుకోవాలా? అక్కర్లేదు. మన హాస్టల్ వరండాలోనే, ఒక ఆదివారం, ఆ శిబిరం పెట్టుకోవచ్చు. మొదటి పాఠం ఇదిగో.

సెల్లుతో తిరిగే మోటారు

కావలసినవి: పెద్ద టార్చిలైటు సెల్లు ఒకటి, పిన్నీసులు రెండు, చిన్న అయస్కాంతం, పూత ఉన్న రాగి వైండింగ్ వైరు ఒకటిన్నర మీటర్లు, సైకిల్ ట్యూబు ముక్క. అబిడ్స్ పక్కన కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాను దొరుకుతుంది. మన ఊళ్ళో అయితే మోటారు వైండింగ్ షాపులో తీగ ముక్కలు, పాడైన స్పీకరులో అయస్కాంతం దొరుకుతాయి.

సెల్లు చుట్టూ తీగను పది చుట్లు చుట్టి బయటికి తీయండి. రెండు కొసలు ఎదురెదురుగా, ఒకే గీతలో ఉండాలి. ఒక కొసకు పూత పూర్తిగా గీకండి. తర్వాత చుట్టను నిలువుగా పట్టుకుని, రెండో కొసకు పైవైపు సగం మాత్రమే గీకండి. పిన్నీసులను ట్యూబు ముక్కతో సెల్లు రెండు చివరలకూ బిగించి, వాటి రంధ్రాల్లో కొసలు పెట్టండి. చుట్ట కింద, సెల్లు మీద అయస్కాంతం ఉంచి, వేలితో మెల్లగా తిప్పి వదలండి.

సగమే ఎందుకు గీకాలి?

కరెంటు పారితే చుట్ట కూడా అయస్కాంతమవుతుంది. కింది అయస్కాంతం దాన్ని తిప్పుతుంది. అయితే అరచుట్టు తిరిగాక, అదే కరెంటు దాన్ని వెనక్కు లాగుతుంది. సరిగ్గా అప్పుడు పూత ఉన్న వైపు పిన్నీసుకు తగిలి కరెంటు ఆగుతుంది. చుట్ట తన వేగంతోనే మిగతా సగం తిరుగుతుంది. పాఠ్యపుస్తకంలోని మోటారులో స్ప్లిట్ రింగు కరెంటు దిశను మారుస్తుంది. మనం ఇక్కడ ఆపుతున్నాం, అంతే తేడా.

మొదటిసారి తిరగకపోవచ్చు. పూత సరిగా పోయిందా? కొసలు వంకరగా ఉన్నాయా? ఒక్కొక్కటే చూడండి. తీగ వేడెక్కుతుంది కనుక ఎక్కువసేపు ఉంచకండి. ఇంటి కరెంటుకు మాత్రం ఎన్నడూ కలపకండి.

1821లో కరెంటుతో తీగను మొట్టమొదట తిప్పి చూపిన మైకేల్ ఫారడే కమ్మరి కొడుకు. పుస్తకాలు బైండింగు చేసే షాపులో పని నేర్చుకుంటూ, ఆ పుస్తకాలే చదివి శాస్త్రవేత్త అయ్యాడు. పని తెలిసిన చేతులు మనకూ ఉన్నాయి. ఆ చేతులతో చేయని సైన్సు నేల విడిచి సాము వంటిది.

మీ మోటారు తిరిగిన రోజున, పక్క గది తమ్ముడిని కూర్చోబెట్టి చేయించండి. తిరగకపోతే కారణం మీరు చెప్పకండి. వాడినే కనుక్కోనివ్వండి.