బలపపు పొడి, ప్లాస్టిక్ స్ఫటికం

మౌనికా,

కుర్చీల ప్లాస్టిక్‌లో రాతిపొడి కలపడం మోసం కాదా అని వనపర్తి నుంచి రాశావు. ఖర్చు తగ్గించుకోవడానికే కలిపేవాళ్లు ఉన్నారు బిడ్డా. కానీ తగిన పొడి తగిన పాళ్లలో పడితే ప్లాస్టిక్ గడ్డకట్టే తీరే మారుతుంది. మౌల్డింగ్ పని నేర్చుకునేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఇదే.

గద్వాల, నాగర్‌కర్నూలు ఫంక్షన్ హాళ్లలో నువ్వు చూసే కుర్చీలు చాలావరకు పాలీప్రొపిలీన్‌వి. 1954లో ఇటలీలో జూలియో నట్టా దీన్ని స్ఫటికమయ్యే రూపంలో తయారుచేశాడు. 1963లో కార్ల్ జీగ్లర్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. పాలీప్రొపిలీన్ సుమారు 165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మెల్లగా చల్లారిస్తే 110, 115 డిగ్రీలకు దిగాక గానీ జోరుగా గడ్డకట్టదు. స్ఫటికం మొలిచే చోట్లు తక్కువ కాబట్టి ఒక్కొక్కటీ గుండ్రంగా, పెద్దగా పెరుగుతుంది. వాటినే స్ఫెరులైట్లు అంటారు.

ఇప్పుడు టాల్క్ కలుపు. అది మన బలపపు రాయే. తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా వెళ్తే బేతంచెర్ల దగ్గర ముద్దవరంలో తవ్వేది అదే. దాని పొడి పలుచని రేకులుగా ఉంటుంది. ఆ రేకుల మీద పాలీప్రొపిలీన్ గొలుసులు సులువుగా వరుసకడతాయి. అందుకే చల్లారేటప్పుడు ఇంకా 120 డిగ్రీలు దాటిన వేడి ఉండగానే స్ఫటికాలు మొలుస్తాయి. నారుమడిలో విత్తనం ఒత్తుగా పడితే ఏ మొక్కా లావెక్కనట్టు, అన్నీ చిన్నవిగానే ఆగిపోతాయి. స్ఫటికమైన భాగం మొత్తం మీద పెద్దగా పెరగదు. సంఖ్య పెరిగి, సైజు తగ్గుతుంది. ఈ తేడా బాగా గుర్తుపెట్టుకో.

ఇంత మార్పుకు ఒకటి రెండు శాతం టాల్క్ దాదాపు సరిపోతుంది. 20 నుంచి 40 శాతం దాకా వేసేది బిగువు కోసం. కరిగిన ప్లాస్టిక్‌ను అచ్చులోకి నెట్టే ఇంజెక్షన్ ఒత్తిడికి రేకులు అచ్చు గోడకు సమాంతరంగా పడుకుంటాయి, వాటిమీద మొలిచే స్ఫటికాలు కూడా ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. ముక్క త్వరగా గట్టిపడుతుంది, తక్కువ కుదించుకుపోతుంది. కానీ బరువెక్కుతుంది, మోతాదు మించితే దెబ్బకు పగులుతుంది.

సుద్దపొడి, అంటే కాల్షియం కార్బొనేట్ గుణం వేరు. దానికి స్ఫటికాన్ని మొలిపించే శక్తి తక్కువ. స్టియరిక్ ఆమ్లం పూస్తే ఉండకట్టకుండా కలుస్తుంది. పైమెలిక్ ఆమ్లం పూస్తే మామూలు ఆల్ఫా స్ఫటికానికి బదులు, దెబ్బకు మరింత ఓర్చుకునే బీటా స్ఫటికం వస్తుంది. రాయి మారలేదు, పైపూత మారిందంతే.

డిప్లొమా అయ్యాక చర్లపల్లిలోని ప్లాస్టిక్ శిక్షణ సంస్థ సిపెట్‌లో చేరాలన్నది నీ కోరిక కదా. అక్కడ టాల్క్ కలిపిన ముక్కనూ, కలపని ముక్కనూ పలుచగా కోయించి, పోలరైజింగ్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి స్ఫటికాల సైజులో తేడా చూడు. పొడి ధర అడిగే ముందు, ప్లాస్టిక్ లోపల అది చేసే పనేమిటో అడగడం అలవాటు చేసుకో.

నీ పెద్దనాయన